పాత ల్యాప్‌టాప్ బ్యాటరీలో సెల్స్ మార్చడం: తరచుగా అడిగే ప్రశ్నలు

ఈ పేజీలో చెప్పేదంతా ల్యాప్‌టాప్ అడుగునుంచి ఊడదీయగలిగే, లోపల గుండ్రటి 18650 సెల్స్ ఉండే లిథియం అయాన్ ప్యాక్‌ల గురించి. పాత థింక్‌ప్యాడ్‌లు, లాటిట్యూడ్‌లు, ప్రోబుక్‌లు వాడేవారికి ఇవి బాగా తెలుసు. మదర్‌బోర్డు, కీబోర్డు, తెర అన్నీ చక్కగా ఉండి కేవలం బ్యాటరీ చచ్చిపోయిందని ఒక మంచి యంత్రాన్ని పాతసామాన్ల బండికి వేయడం బాధాకరం. అలాగని ఈ పని అందరూ చేయదగ్గదీ కాదు. రెండూ మనసులో పెట్టుకుని చదవండి.

ప్యాక్ లోపల ఏముంటుంది?

సాధారణంగా ఆరు సెల్స్. ఒక్కొక్కటి 18 మి.మీ. వ్యాసం, 65 మి.మీ. పొడవు, పేరులోని అంకెలు అవే. రెండేసి సెల్స్ పక్కపక్కన జతగా, అంటే ప్యారలల్‌గా ఉంటాయి. అలాంటి మూడు జతలు ఒకదాని తర్వాత ఒకటి సిరీస్‌లో ఉంటాయి. దీన్నే 3ఎస్2పీ అంటారు. నాలుగు సెల్స్, ఎనిమిది సెల్స్, తొమ్మిది సెల్స్ ప్యాక్‌లూ ఉన్నాయి. వీటికి తోడు ఒక చిన్న సర్క్యూట్ బోర్డు ఉంటుంది. ప్రతి జత వోల్టేజీని విడివిడిగా చూసేదీ, వేడి కొలిచేదీ, ఎంత చార్జ్ మిగిలిందో లెక్కకట్టి ల్యాప్‌టాప్‌కు చెప్పేదీ, ప్రమాదం అనుకుంటే సరఫరా ఆపేదీ ఆ బోర్డే. సెల్స్ మార్చడం చేతిపని, కొంత సాధనతో వస్తుంది. ఈ పనిలో చాలామంది ఓడిపోయేది బోర్డు దగ్గర.

కొత్త బ్యాటరీ కొనుక్కుంటే పోదా?

కంపెనీ తయారుచేసిన అసలు బ్యాటరీ కొత్తది ఇంకా దొరుకుతుంటే అదే కొనండి. ఇందులో నాకు రెండో మాట లేదు. మంచి సెల్స్ ఆరు కొంటే వాటి ధర తరచుగా బజార్లో దొరికే డూప్లికేట్ బ్యాటరీ ధరను దాటిపోతుంది కూడా. కాబట్టి డబ్బు మిగులుతుందని ఈ పనికి దిగడం సరికాదు.

మరి ఎప్పుడు అర్థవంతం? ఆ మోడల్ బ్యాటరీ తయారీ ఆగిపోయినప్పుడు. దొరికే అసలు ప్యాక్‌లు గోదాములో పదేళ్లు పడి ఉన్నవైనప్పుడు. వాడకపోయినా లిథియం సెల్స్‌కు వయసు మీదపడుతుంది. డూప్లికేట్ ప్యాక్‌ను ల్యాప్‌టాప్ ఒప్పుకోనప్పుడు. ఉదాహరణకు 2012లో వచ్చిన థింక్‌ప్యాడ్ ఎక్స్230, టీ430 తరం నుంచి యంత్రం లోపలి ఫర్మ్‌వేర్ (హార్డ్‌వేర్‌ను నడిపే సాఫ్ట్‌వేర్) బ్యాటరీ అసలుదా కాదా అని పరీక్షిస్తుంది. కాకపోతే చార్జ్ చేయదు. పాత అసలు ప్యాక్‌లో సెల్స్ మాత్రమే మారిస్తే బోర్డు అసలుదే కనుక ఆ పరీక్ష నెగ్గుతుంది. సెల్స్ మార్పిడికి ఇంతకంటే బలమైన కారణం నాకు కనిపించదు.

నా ల్యాప్‌టాప్ బ్యాటరీ పలుచగా, బల్లపరుపుగా లోపలే బిగించి ఉంది. దాన్ని చేయవచ్చా?

వద్దు. అందులో ఉండేవి పౌచ్ సెల్స్. వాటికి ఉక్కు డబ్బా ఉండదు, పలుచటి అల్యూమినియం పొర మాత్రమే. గోరు గట్టిగా తగిలినా గుంట పడుతుంది. ప్రతి మోడల్‌కూ కొలత వేరు, సరైన సెల్ దొరకదు. ఇప్పటికే ఉబ్బి ఉంటే వాడకం ఆపి, ల్యాప్‌టాప్ ఆఫ్ చేసి, చార్జర్ తీసి, విప్పగలిగినవారి చేత తీయించండి. ఉబ్బినదాన్ని నొక్కి సరిచేయాలని, సూదితో గాలి తీయాలని అస్సలు ప్రయత్నించకండి.

పోయినవి సెల్సేనా, బోర్డా? ఎలా తెలుస్తుంది?

విండోస్‌లో పవర్‌సీఎఫ్‌జీ కమాండ్‌తో బ్యాటరీ రిపోర్ట్ తీయవచ్చు. లినక్స్‌లో యూపవర్ అదే పని చేస్తుంది. డిజైన్ కెపాసిటీ, ఇప్పుడు నిండితే పట్టే కెపాసిటీ రెండూ పక్కపక్కన కనిపిస్తాయి. 56 వాట్-అవర్ ప్యాక్ ఇప్పుడు 15 దగ్గర ఉంటే సెల్స్ అరిగిపోయినట్టే. కెపాసిటీ బాగానే చూపిస్తూ 40 శాతం దగ్గర హఠాత్తుగా ఆగిపోతుంటే ఒక జత మిగతావాటికంటే బలహీనమైందని అర్థం. అసలు బ్యాటరీయే లేనట్టు చూపిస్తుంటే బోర్డు నిద్రపోయి ఉండవచ్చు, లేదా తనను తాను శాశ్వతంగా మూసుకుని ఉండవచ్చు.

ఒక జాగ్రత్త: ప్యాక్ బయటి పిన్నుల దగ్గర మల్టీమీటర్ పెడితే సున్నా వోల్టులు చూపించినంత మాత్రాన ప్యాక్ చచ్చినట్టు కాదు. ల్యాప్‌టాప్‌లో పెట్టినప్పుడే ఒక పిన్ను ద్వారా సంకేతం అంది, అప్పుడే సరఫరా ఇచ్చే ప్యాక్‌లు చాలా ఉన్నాయి.

ఒక జతే పోయింది. ఆ రెండు సెల్స్ మాత్రమే మారిస్తే?

కుదరదు. కొత్త జత నిండకముందే పాతవి నిండుతాయి, కొత్తది ఖాళీ కాకముందే పాతవి ఖాళీ అవుతాయి. ప్యాక్ ఎప్పుడూ బలహీనమైన జత నడిచినంత దూరమే నడుస్తుంది. పైగా ఈ తేడా పెరిగి బోర్డు దాన్ని లోపంగా నమోదు చేసుకునే ప్రమాదం ఉంది. మారిస్తే ఆరూ మార్చాలి. ఆరూ ఒకే కంపెనీ, ఒకే మోడల్, వీలైతే ఒకే లాట్.

ప్యాక్ మీద 10.8 అని, 11.1 అని, 11.4 అని వేర్వేరుగా ఉంటాయి. తేడా ఏమిటి?

ఈ ప్రశ్న ఎవరూ అడగరు, అందరూ అడగాల్సింది. మూడు జతల ప్యాక్‌లో 10.8 వోల్టులంటే ఒక్కో సెల్‌కు 3.6, 11.1 అంటే 3.7. ఈ రెంటికీ తేడా లేదు. కంపెనీ రాసుకునే పద్ధతి వేరు, అంతే. రెండింటిలోనూ సెల్ 4.2 వోల్టులకు నిండుతుంది, ప్యాక్ 12.6కు.

కానీ 11.25 అని గానీ 11.4 అని గానీ ఉంటే ఆగండి. లోపల ఉన్నవి 4.3 లేదా 4.35 వోల్టుల దాకా చార్జ్ చేయదగిన ప్రత్యేక సెల్స్ అయి ఉంటాయి. చార్జింగ్ ఎక్కడ ఆపాలన్నది బోర్డు, ల్యాప్‌టాప్ కలిసి నిర్ణయిస్తాయి, సెల్ కాదు. అలాంటి ప్యాక్‌లో మామూలు 4.2 వోల్టుల సెల్స్ పెడితే ప్రతి చార్జింగ్‌లోనూ వాటిని హద్దు దాటించి నింపినట్టే. అది నిప్పుతో ముగియవచ్చు. పాత సెల్ మీది మోడల్ నంబరు చూసి, దాని డేటాషీట్‌లో, అంటే తయారీ కంపెనీ ఇచ్చే వివరాల పత్రంలో, చార్జింగ్ వోల్టేజీ ఎంతో ఖాయం చేసుకున్నాకే కొత్తవి కొనండి. తిరగేసి చూస్తే, 4.2 వోల్టుల ప్యాక్‌లో 4.35 వోల్టుల సెల్ పెడితే ప్రమాదం లేదు. కొంత కెపాసిటీ వాడుకోలేకపోతాం, అంతే.

నాలుగు జతల ప్యాక్ అయితే 14.4 లేదా 14.8 అని ఉంటుంది. లెక్క అదే.

ఎలాంటి సెల్స్ కొనాలి?

పేరున్న కంపెనీవి: ప్యానసోనిక్, సాన్యో, శామ్‌సంగ్, ఎల్‌జీ. పాత ప్యాక్‌లలో ఎక్కువగా 2200 నుంచి 2600 ఎంఏహెచ్ (మిల్లీఆంపియర్-అవర్, సెల్ పట్టే చార్జ్ కొలత) సెల్స్ ఉంటాయి. కొత్త సెల్ కెపాసిటీ అంతకు తగ్గకూడదు, ఎందుకంటే బోర్డు పాత కెపాసిటీకి తగిన చార్జింగ్ కరెంటునే అడుగుతుంది. చిన్న సెల్‌కు అది ఎక్కువైపోతుంది. ల్యాప్‌టాప్‌కు భారీ కరెంటు సెల్స్ అక్కర్లేదు. యంత్రం 40 వాట్లు లాగుతుంటే 10.8 వోల్టుల దగ్గర అది నాలుగు ఆంపియర్ల లోపే. రెండు సెల్స్ పంచుకుంటాయి కనుక ఒక్కోదానికి రెండు ఆంపియర్లు కూడా రావు. డ్రిల్లింగ్ యంత్రాల కోసం చేసిన 20 ఆంపియర్ల సెల్‌కు ఎక్కువ డబ్బు పెట్టడం దండగ.

తల చదునుగా ఉన్నవి తీసుకోండి. అడుగున చిన్న రక్షణ బోర్డు అతికించిన సెల్స్ టార్చిలైట్ల కోసం. అవి 68 నుంచి 70 మి.మీ. పొడవుంటాయి, ప్యాక్‌లో పట్టవు, అవసరమూ లేదు. మనకు రక్షణ ఇచ్చేది ప్యాక్ బోర్డే.

ఇంకొకటి: సోలార్ వీధిదీపాలకు, కొన్ని ఈ-స్కూటర్లకు వాడే లిథియం ఐరన్ ఫాస్ఫేట్ సెల్స్ 3.2 వోల్టులవి. అవి 3.65 వోల్టులకే నిండుతాయి. 18650 కొలతలో కూడా దొరుకుతాయి కనుక పొరపాటు పడే అవకాశం ఉంది. ల్యాప్‌టాప్ ప్యాక్‌లో అవి పనికిరావు.

నకిలీ సెల్స్‌ను ఎలా పట్టుకోవాలి?

మీద 5000, 6800, 9800 ఎంఏహెచ్ అని రాసి ఉంటే ఆలోచించనక్కర్లేదు, నకిలీ. 18650 కొలతలో పేరున్న కంపెనీలు అమ్మే పెద్ద సెల్స్ 3500 చుట్టుపక్కల ఉంటాయి. తూచి చూడండి: అసలైనది 45 నుంచి 49 గ్రాముల మధ్య తూగుతుంది. 30 గ్రాములు తూగితే లోపల సరుకు లేనట్టే.

కష్టమంతా మరో రకం నకిలీతో. పాత ప్యాక్‌ల నుంచి పీకిన అసలు సెల్స్‌కు కొత్త ప్లాస్టిక్ తొడుగు వేసి కొత్తవని అమ్ముతారు. బరువు సరిపోతుంది, వోల్టేజీ సరిపోతుంది. రెండు కొసలనూ వెలుతురులో చూడండి. వెల్డింగ్ చుక్కలు గానీ వాటిని రాకినట్టు గీతలు గానీ కనిపిస్తే తిరిగి ఇచ్చేయండి. లోపలి నిరోధం కొలిచే మీటరు ఉంటే ఇంకా మేలు. ఈ రకం కొత్త సెల్ సుమారు 30 నుంచి 60 మిల్లీఓములు చూపిస్తుంది. 100 దాటితే అది అరిగిన సెల్.

కొన్న తర్వాత చేయాల్సిన పరీక్ష ఒకటుంది, ఓపిక కావాలి. అన్నింటినీ 4.2 వోల్టులకు చార్జ్ చేసి, ఒక రోజు ఆగి వోల్టేజీ రాసిపెట్టుకుని, రెండు వారాలు కదపకుండా ఉంచండి. మళ్లీ కొలిచినప్పుడు ఏ ఒక్కటైనా మిగతావాటికంటే స్పష్టంగా దిగిపోయి ఉంటే దాన్ని పక్కన పెట్టేయండి. సెల్ తనంతట తాను ఖాళీ అవుతోందంటే లోపల ఎక్కడో సన్నని లీకేజీ ఉంది.

సెల్స్ ఎక్కడ దొరుకుతాయి?

హైదరాబాద్‌లో కోఠి గుజరాతీ గల్లీ ఎలక్ట్రానిక్ విడిభాగాలకు పాత చిరునామా. ల్యాప్‌టాప్ సామాను కోసమైతే సికింద్రాబాద్ పార్క్‌లేన్‌లో చెనాయ్ ట్రేడ్ సెంటర్. అందరూ సీటీసీ అంటారు. చెన్నై రిచీ స్ట్రీట్, బెంగళూరు ఎస్పీ రోడ్డు కూడా ఇలాంటివే. ఆన్‌లైన్‌లో కొంటే మోడల్ నంబరు, బీఐఎస్ (భారత ప్రమాణాల సంస్థ) నమోదు గుర్తు ఉన్నవి చూడండి. మన దేశంలో లిథియం సెల్స్ అమ్మాలంటే ఐఎస్ 16046 ప్రమాణం కింద నమోదు తప్పనిసరి. ఎక్కడ కొన్నా పైన చెప్పిన పరీక్షలు మానకండి.

వేరే పాత ప్యాక్‌ల నుంచి తీసిన సెల్స్ వాడవచ్చా?

టార్చిలైటుకు, చిన్న రేడియోకు వాడుకోండి. ల్యాప్‌టాప్ ప్యాక్‌కు వద్దు. వయసు, వాడకం వేర్వేరైన ఆరు సెల్స్‌ను సరిగ్గా జతపరచడం కొత్తవి కొనడం కంటే కష్టం. తీసినప్పుడు రెండు వోల్టుల కంటే తక్కువ ఉన్న సెల్‌ను దేనికీ వాడకండి. అంత లోతుగా ఖాళీ అయి పడి ఉన్న సెల్‌లో రాగి రేకు కరిగి ద్రవంలో కలుస్తుంది. మళ్లీ చార్జ్ చేసినప్పుడు ఆ రాగి తిరిగి పేరుకుని లోపలే షార్ట్ అయ్యే దారి ఏర్పడుతుంది. బయటికి అది మామూలుగా చార్జ్ అవుతున్నట్టే కనిపిస్తుంది.

పనికి ఎలాంటి చోటు, ఏ సామాను కావాలి?

టైల్స్ లేదా సిమెంటు గచ్చు ఉన్న చోటు, తలుపుకు దగ్గరగా. కింద పరుపు, పైన తెరలు ఉన్న గది వద్దు. చేతికి ఉంగరం, గడియారం, లోహపు గాజులు ఉంటే తీసేయండి. షార్ట్ అయిన సెల్ వాటిని క్షణాల్లో ఎర్రగా కాలుస్తుంది. కళ్లద్దాలు పెట్టుకోండి. సెల్ వేడెక్కితే వెంటనే పడేయడానికి ఇసుక పోసిన ఇనుప బకెట్ పక్కన ఉంచండి. మల్టీమీటర్, కాప్టన్ టేపు (వేడిని తట్టుకునే ఇన్సులేషన్ టేపు), ప్లాస్టిక్ గరిటెలాంటి పలుచటి పనిముట్టు, నికెల్ పట్టీ, ఇన్సులేషన్ కాగితపు రింగులు, పట్టీని సెల్‌కు చుక్కలుగా క్షణంలో అతికించే స్పాట్ వెల్డింగ్ యంత్రం కావాలి. చివరిది కొననక్కర్లేదు, దాని సంగతి కింద.

కేసు ఎలా తెరవాలి?

ముందు ప్యాక్‌ను 30 శాతం దాకా దించండి. నిండు సెల్‌కు దెబ్బ తగలడం, సగం ఖాళీ సెల్‌కు దెబ్బ తగలడం ఒకటి కాదు. కేసు రెండు పెంకుల్నీ సాధారణంగా అల్ట్రాసోనిక్ వెల్డింగ్‌తో కలుపుతారు, స్క్రూలు ఉండవు. అతుకు వెంబడి అంచులను గట్టిగా వేళ్లతో నొక్కుతూ పోతే ఒకచోట చిట్లుతుంది. అక్కడి నుంచి పలుచటి ప్లాస్టిక్ పనిముట్టుతో మెల్లగా విప్పుకుంటూ వెళ్లాలి. స్క్రూడ్రైవర్ లోపలికి గుచ్చి పైకి లేపడం అలవాటుగా వచ్చేస్తుంది. దాని కొనకు రెండు మిల్లీమీటర్ల దూరంలో సెల్ ఉంటుంది. తొందర వద్దు. లోపల సెల్స్‌ను జిగురుతో అతికిస్తారు కనుక వాటిని మెలితిప్పకుండా కొద్దికొద్దిగా కదిలించి తీయండి.

తెరిచిన వెంటనే, ఏదీ ముట్టుకోకముందే, నాలుగు వైపుల నుంచీ ఫొటోలు తీయండి. ఏ తీగ ఎక్కడిదో తర్వాత గుర్తుండదు.

స్పాట్ వెల్డింగ్ లేకుండా సెల్‌కు నేరుగా టంకం వేయవచ్చా?

చాలామంది వేస్తారు. నేను వద్దంటాను. టంకం ఇనుము కొన 350 డిగ్రీల దగ్గర ఉంటుంది. సెల్ లోపల రెండు పలకలనూ విడిగా ఉంచే ప్లాస్టిక్ పొర సుమారు 130 డిగ్రీలకే కరగడం మొదలుపెడుతుంది. ఉక్కు డబ్బా వేడిని లాగేస్తూ ఉంటుంది కనుక టంకం పట్టేదాకా ఇనుము అక్కడే పెట్టాల్సి వస్తుంది. పాజిటివ్ తల కింద ప్రమాదంలో తెగిపోయే రక్షణ పరికరం, సీలు ఉంటాయి, అవీ చెడతాయి. నష్టం ఆ రోజు కనిపించదు, అందుకే ఆ పద్ధతి బాగానే ఉందని చెప్పేవారు ఇంతమంది ఉన్నారు.

వెల్డింగ్ యంత్రం లేకపోతే రెండు దారులున్నాయి. అంచులకు నికెల్ పట్టీలు ముందే వెల్డ్ చేసిన సెల్స్ అమ్ముతారు. ఆ పట్టీలకు టంకం వేసుకోవచ్చు. లేదా ఈ-స్కూటర్ బ్యాటరీలు బాగుచేసే దుకాణానికి వెళ్లండి. ఇప్పుడు చిన్న పట్టణాల్లో కూడా అలాంటివి వచ్చాయి, వాళ్ల దగ్గర స్పాట్ వెల్డింగ్ యంత్రం ఉంటుంది. సెల్స్ మీవి, కొలత మీది, వెల్డింగ్ వాళ్లది. చాలామందికి ఇదే మంచి ఏర్పాటు.

నికెల్ పట్టీ ఎంత మందం ఉండాలి? వెల్డింగ్ బాగా పడిందని ఎలా తెలుస్తుంది?

0.1 నుంచి 0.15 మి.మీ. మందం, 8 మి.మీ. వెడల్పు ల్యాప్‌టాప్‌కు చాలు. స్వచ్ఛమైన నికెల్ అని చెప్పి నికెల్ పూసిన ఉక్కు పట్టీ అంటగట్టడం మామూలే. అయస్కాంతం రెంటినీ లాగుతుంది, ఆ పరీక్ష పనికిరాదు. గ్రైండర్‌కు ఆనిస్తే ఉక్కు నుంచి నిప్పురవ్వలు చెదురుతాయి, నికెల్ నుంచి రావు. గ్రైండర్ లేకపోతే పట్టీని గీకి రాత్రంతా ఉప్పునీళ్లలో ఉంచండి. ఉక్కు తుప్పు పడుతుంది.

ముందు ఒక చచ్చిన సెల్ మీద సాధన చేయండి. పట్టీని పట్టకారుతో లాగితే అది చిరిగి, చుక్కలు సెల్‌కే అంటుకుని ఉండాలి. సునాయాసంగా ఊడివస్తే శక్తి చాలలేదు. చుక్క దగ్గర రంధ్రం పడితే ఎక్కువైంది.

ఒక ముఖ్యమైన విషయం. 18650లో పైనున్న చిన్న పాజిటివ్ తల తప్ప, దాని చుట్టూ ఉన్న అంచు సహా, డబ్బా అంతా నెగటివ్. మధ్య ఉన్నది పలుచటి తొడుగు మాత్రమే. పట్టీ ఆ అంచును నొక్కి తొడుగు చిరిగితే షార్ట్. అందుకే ప్రతి పాజిటివ్ తలకూ కాగితపు రింగు అతికించాకే పట్టీ వేయాలి. జతపరిచే ముందు సెల్స్ అన్నీ ఒకే వోల్టేజీలో ఉండాలి, తేడా 0.02 వోల్టులకు మించకుండా చూసుకోండి.

బోర్డు లాక్ అవుతుందంటారు. అది నిజమా?

నిజమే. ఈ బోర్డుల మీద, మిగిలిన చార్జ్ లెక్కకట్టే గ్యాస్ గేజ్ అనే చిప్ ఉంటుంది. టెక్సస్ ఇన్‌స్ట్రుమెంట్స్ వారి బీక్యూ శ్రేణి చిప్‌లు చాలా ప్యాక్‌లలో కనిపిస్తాయి. ఒక జత వోల్టేజీ విపరీతంగా పడిపోయినా, జతల మధ్య తేడా హద్దు దాటినా, వేడి కొలిచే తీగ తెగినా చిప్ దాన్ని శాశ్వత లోపంగా తన జ్ఞాపకంలో రాసుకుంటుంది. ఆ తర్వాత ఎంత మంచి సెల్స్ పెట్టినా చార్జింగ్‌కు ఒప్పుకోదు. ఇది వినియోగదారుడి మీద కక్షతో పెట్టినదని కొందరంటారు. నేను ఒప్పుకోను. 2006 ఆగస్టులో డెల్ సంస్థ సోనీ సెల్స్ ఉన్న సుమారు 41 లక్షల ప్యాక్‌లను వెనక్కి పిలవాల్సి వచ్చింది. తయారీలో సెల్ లోపలికి చేరిన లోహపు రేణువులు షార్ట్‌కు కారణమయ్యాయి. ఒడిలో పెట్టుకునే వస్తువులో అనుమానం రాగానే మూసుకుపోయే బోర్డు ఉండటం న్యాయమే. సెల్స్ మార్చేవాడు ఆ బోర్డుకు అనుమానం రాకుండా పని చేయాలి.

మరి తీగలు ఏ వరుసలో తీయాలి, ఏ వరుసలో కలపాలి?

జతలను నెగటివ్ వైపు నుంచి లెక్కపెట్టండి. తీసేటప్పుడు పై నుంచి కిందికి: ముందు ప్యాక్ పాజిటివ్, తర్వాత రెండో జత మీది సన్నని తీగ, తర్వాత మొదటి జత మీది తీగ, చివర ప్యాక్ నెగటివ్. కలిపేటప్పుడు దీనికి తిరగేసి: నెగటివ్‌తో మొదలుపెట్టి పాజిటివ్‌తో ముగించాలి. బోర్డుకు కలపకముందే కొత్త సెల్స్ వరుసను మల్టీమీటర్‌తో కొలవండి. నెగటివ్ నుంచి చూస్తే మెట్లుమెట్లుగా, ఉదాహరణకు 3.6, 7.2, 10.8 వోల్టులు కనిపించాలి. ఈ అంకెలు సరిగ్గా రాకుండా ఒక్క తీగ కూడా బోర్డుకు తగిలించవద్దు.

ఇంకా జాగ్రత్తపరులు బోర్డుకు సరఫరా ఒక్క క్షణం కూడా పోకుండా, పాత సెల్స్ తీయకముందే కొత్త వరుసను జతకు జతగా సమాంతరంగా కలిపి, తర్వాత పాతవి కోసేస్తారు. బాగా పనిచేసే పద్ధతే, కానీ పాత, కొత్త జతల వోల్టేజీ సమానంగా ఉండాలి, లేకపోతే ఒకదాని నుంచి ఒకదానికి భారీ కరెంటు పారుతుంది. ఒక జత ఇప్పటికే చచ్చి ఉంటే ఈ పద్ధతి కుదరనే కుదరదు.

కలిపాక బోర్డు మేల్కొనకపోవచ్చు. భయపడకండి. ల్యాప్‌టాప్‌లో పెట్టి చార్జర్ తగిలించండి. బయటి పిన్నుల మీద చార్జింగ్ వోల్టేజీ కనిపిస్తే చాలా చిప్‌లు నిద్ర లేస్తాయి.

లాక్ అయిపోయిన బోర్డును తెరవవచ్చా?

కొన్నింటిని తెరవవచ్చు. చిప్ మాట్లాడే భాష ఎస్ఎంబస్. దానికి తగిన ఈవీ2300 లేదా ఈవీ2400 వంటి అడాప్టర్‌తో కంప్యూటర్‌కు కలిపి, సరైన పాస్‌వర్డ్ ఇచ్చి లోప గుర్తును చెరపవచ్చు. పాస్‌వర్డ్‌ను ఫ్యాక్టరీ విలువ దగ్గరే వదిలేసిన ప్యాక్‌లు ఉన్నాయి. యాపిల్ ల్యాప్‌టాప్ బ్యాటరీలలో అలా వదిలేశారని భద్రతా పరిశోధకుడు చార్లీ మిల్లర్ 2011లో బయటపెట్టాడు. పాస్‌వర్డ్ మార్చిన కంపెనీల ప్యాక్‌లు మొండిగా ఉంటాయి.

గుర్తు చెరపడానికి ముందు అది ఎందుకు పడిందో తెలుసుకోండి. సెల్స్ ఖాళీ అయి వోల్టేజీ పడిపోవడం వల్ల పడితే, సెల్స్ మార్చారు కనుక కారణం పోయినట్టే. అధిక వోల్టేజీ వల్ల పడితే బోర్డే సరిగా కొలవడం లేదేమో, అక్కడితో ఆపేయండి.

పాజిటివ్ దారిలో ఉన్న చిన్న ఫ్యూజు కాలిపోయింది. తీగ వేసి కలపవచ్చా?

వేయకూడదు. మామూలు ఫ్యూజు కాదది. మూడు కాళ్లుంటాయి, మూడో కాలు ద్వారా చిప్ తానే దాన్ని కావాలని కాలుస్తుంది. మిగతా రక్షణలన్నీ విఫలమైనప్పుడు చివరి కోత అదే. కాలిందంటే బోర్డు పెద్ద ప్రమాదాన్ని చూసింది. ఆ బోర్డును వదిలేయండి.

అలాగే సెల్స్ మధ్య అతికించి ఉండే, వేడి కొలిచే చిన్న థర్మిస్టర్‌ను తిరిగి సెల్‌కు ఆనుకునేలా కాప్టన్ టేపుతో అతికించండి. గాలిలో వేలాడుతుంటే సెల్ కాలుతున్నా బోర్డుకు గది ఉష్ణోగ్రతే తెలుస్తుంది.

మొదటి చార్జింగ్ ఎలా చేయాలి?

కేసు మూసి అతికించకముందే, మీరు పక్కనే ఉండి. ప్రతి పది, పదిహేను నిమిషాలకు జతల వోల్టేజీ కొలవండి, సెల్స్ ముట్టుకుని చూడండి. గోరువెచ్చగా ఉంటే సరే. చేయి పెట్టలేనంత వేడైతే చార్జర్ తీసి ప్యాక్‌ను ఆరుబయట పెట్టండి. చివర ప్రతి జతా 4.2 దగ్గర (11.25, 11.4 వోల్టుల ప్యాక్‌లలో 4.3 లేదా 4.35 దగ్గర) ఆగాలి. రాత్రి పెట్టి నిద్రపోవడం మొదటి కొన్ని చార్జింగ్‌లకు నిషిద్ధమనుకోండి.

కొత్త సెల్స్ పెట్టినా శాతం తప్పుగా చూపిస్తోంది.

చిప్‌కు పాత సెల్స్ లెక్కే గుర్తుంది. పూర్తిగా నింపి, రెండు గంటలు వదిలేసి, ల్యాప్‌టాప్ దానంతట అది ఆగేదాకా వాడి, మళ్లీ కొన్ని గంటలు వదిలేసి, పూర్తిగా నింపండి. ఇలా రెండు మూడుసార్లు చేస్తే చాలా చిప్‌లు కొత్త కెపాసిటీని నేర్చుకుంటాయి. థింక్‌ప్యాడ్‌లలో దీనికోసం ప్రత్యేక సదుపాయం కూడా దొరుకుతుంది.

2600 బదులు 3400 ఎంఏహెచ్ సెల్స్ పెడితే ఎక్కువసేపు వస్తుందా?

వస్తుంది. ఆరు సెల్స్ ప్యాక్ 56 వాట్-అవర్ నుంచి సుమారు 73కు వెళుతుంది. అయితే డిజైన్ కెపాసిటీని మించి లెక్కించని బోర్డులు కొన్ని ఉన్నాయి. వాటిలో సున్నా శాతం దగ్గర ఇంకా చార్జ్ మిగిలి ఉన్నా యంత్రం ఆగిపోతుంది.

మా ఊళ్లో వేసవిలో 45 డిగ్రీలు. బ్యాటరీకి ఏమవుతుంది?

లిథియం సెల్స్‌ను 45 డిగ్రీలు దాటి చార్జ్ చేయకూడదని డేటాషీట్లు చెబుతాయి. రామగుండం, రెంటచింతల ఎండల్లో గదే దాదాపు అంత ఉంటే సెల్ ఇంకా పైన ఉంటుంది. మధ్యాహ్నం మాని ఉదయమో రాత్రో చార్జ్ చేయండి. వేడి కంటే చెడ్డది, వేడిలో నిండుగా ఉండటం. ఎప్పుడూ చార్జర్ మీదే ఉండే ల్యాప్‌టాప్ అయితే సెట్టింగుల్లో 80 శాతం దగ్గర ఆపే సదుపాయం ఉందేమో చూసి పెట్టుకోండి. వాడకుండా దాచేటప్పుడు సగం చార్జ్‌తో చల్లటి చోట ఉంచండి.

మంటలు వస్తే?

పొగ పీల్చకండి, అది విషం. అందరినీ బయటికి పంపి 101కు ఫోను చేయండి. కరెంటు ప్లగ్ తీసేసి ఉండి, దూరం నుంచి వీలైతే ధారాళంగా నీళ్లు పోయండి. సెల్స్‌ను చల్లబరచడమే అసలు పని. పౌడర్ సిలిండర్ మంటను ఆర్పుతుంది గానీ వేడిని తగ్గించలేదు, పక్క సెల్ మళ్లీ అంటుకుంటుంది.

సెల్స్ మార్చిన బ్యాటరీతో విమానం ఎక్కవచ్చా? అమెరికా నుంచి వచ్చే బంధువుల చేత సెల్స్ తెప్పించుకోవచ్చా?

ఫ్యాక్టరీ ప్యాక్‌లు యూఎన్ 38.3 అనే రవాణా పరీక్షలు నెగ్గి వస్తాయి. మీరు కట్టిన ప్యాక్ నెగ్గలేదు. దాన్ని ఇంట్లో వాడకానికే ఉంచండి. విడి సెల్స్ విషయంలో, చెక్-ఇన్ సామానులో పెట్టడం నిషిద్ధం. చేతి సంచిలో, ఒక్కొక్కటీ ప్లాస్టిక్ డబ్బాలో, కొసలు తగలకుండా ఉండాలి. ఎన్ని అనుమతిస్తారో ఆ విమాన సంస్థను ముందే అడగమనండి.

తొంభైలనాటి ల్యాప్‌టాప్ ఉంది, అందులో నికెల్ మెటల్ హైడ్రైడ్ సెల్స్ ఉన్నాయి.

అదృష్టవంతులు. అవి 1.2 వోల్టులవి, లిథియం అంత ప్రమాదకరం కావు. అదే రసాయనం, అదే కొలత ఉన్న పట్టీల సెల్స్ వేయండి. వాటి స్థానంలో లిథియం సెల్స్ మాత్రం ఎప్పటికీ వేయకూడదు. ఆ చార్జర్‌కు లిథియాన్ని ఎక్కడ ఆపాలో తెలియదు.

తీసేసిన పాత సెల్స్ ఏం చేయాలి?

రెండు కొసలకూ టేపు అంటించి, విడిగా ఒక డబ్బాలో పెట్టండి. చెత్తబండిలో వేస్తే లారీలో నలిగి అంటుకుంటాయి. 2022 ఆగస్టులో వచ్చిన బ్యాటరీ వ్యర్థాల నిర్వహణ నియమాల ప్రకారం పాడైన బ్యాటరీలను ఇంటి చెత్తలో కలపకుండా విడిగా ఇవ్వడం వినియోగదారుడి బాధ్యత, వెనక్కి తీసుకుని రీసైకిల్ చేయించడం తయారీదారుల బాధ్యత. ల్యాప్‌టాప్ కంపెనీల సర్వీసు కేంద్రాల్లో, ఈ-వేస్ట్ సేకరణ కేంద్రాల్లో అడగండి. ఇచ్చేదాకా ఆ డబ్బాను వంటగదికి, ఎండకు దూరంగా ఉంచండి.